ఒడిశా సరిహద్దు ఊళ్ళకు సెలవులకు వస్తున్నారా? తిండికి పేచీ పెట్టే పిల్లల చేత అక్కడి వంటలు రుచి చూపించడం ఇలా

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. పిల్లల పరీక్షలు అయ్యాయంటే చాలు హైదరాబాదు, విజయవాడ, విశాఖ నుంచి చుట్టాలు దిగుతారు. గోపాల్‌పూర్ సముద్రం, రంభ దగ్గర చిల్కా, తప్తపాణి వేడినీళ్ళు చూద్దామని వస్తారు. రెండో రోజుకల్లా ఒకటే పాట: "వదినా, వీడు నిన్నటి నుంచి బిస్కెట్ల మీదే ఉన్నాడు, ఏం చెయ్యను?"

ఫోన్లో ఒక్కొక్కళ్ళకూ ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ వరసలో పెడుతున్నాను. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలకు 2 నుంచి 10 ఏళ్ళ లోపు పిల్లలతో వచ్చేవాళ్ళకు ఇది పనికొస్తుంది.

ముందు లెక్క సరిచేసుకోండి. కొత్త వంటను పిల్లాడు కడుపునిండా తినాలని పెట్టుకుంటే మీ సెలవులు పాడవుతాయి. వాసన చూశాడా, వేలితో ముట్టుకున్నాడా, నాలిక మీద పెట్టుకున్నాడా, అంతవరకే మార్కులు. రెండు నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లలు తెలియని తిండిని చూసి బెదరడం మామూలే. ఒక కొత్త రుచి అలవాటు కావడానికి 8 నుంచి 15 సార్లు కంటపడాల్సి రావచ్చు. మీరుండేది నాలుగు రోజులు. అందుకే పని ఇంటి దగ్గరే మొదలెట్టాలి.

## 1. బయల్దేరడానికి మూడు వారాల ముందు

మొదటి వారం: వాడు ఏం తింటాడో రాసుకోండి. "ఏమీ తినడు" అంటారు గానీ, కాగితం మీద పెడితే పదో పన్నెండో వస్తాయి. పెరుగన్నం, ముద్దపప్పు, ఆలూ వేపుడు, అట్టు, ఉప్మా, అరటిపండు, మరమరాలు ఇలా. ఈ కాగితం పారేయకండి, నాలుగో మెట్టులో కావాలి.

రెండో వారం: ఇంట్లో డాల్మా చెయ్యండి. కందిపప్పులో గుమ్మడి, పచ్చి బొప్పాయి, అరటికాయ, వంకాయ ముక్కలు వేసి ఉడికించి, పైన కొబ్బరి, వేయించిన జీలకర్ర పొడి. పోపులో ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర అయిదూ పడాలి. వాళ్ళ పంచఫుటణ అదే. మన పిల్లలకు పప్పు కొత్త కాదు, ముక్కలూ కొత్త కాదు. కొత్తదల్లా ఆ సోంపు, నల్లజీలకర్ర వాసన. అది ఇంట్లోనే రెండుసార్లు ముక్కుకు తగిలితే ఇక్కడికొచ్చి "ఇదేం కంపు" అనడు.

మూడో వారం: పేర్లు అలవాటు చెయ్యండి. ఇది నేను చేసిన తప్పు నుంచి నేర్చుకున్నది. మా మరిది కూతురికి ఏడేళ్ళప్పుడు "కాకరా పిఠా తింటావా?" అని అడిగాను. కొబ్బరి లౌజు పెట్టి నూనెలో వేయించిన రవ్వబిళ్ళ అది, మన సజ్జప్పాలకు దగ్గర చుట్టం. ఆ పిల్లకు వినబడింది మాత్రం కాకరకాయ. బల్ల కిందికి దూరిపోయింది. ఆ పూటంతా కాదు కదా, వెళ్ళేదాకా ముట్టుకోలేదు. ముందే బొమ్మ చూపించి, లోపల ఏముంటుందో చెప్పి, ఆ తర్వాతే పేరు చెప్పండి.

## 2. పెట్టెలో ఏం సర్దాలి

- వాడు ఇంట్లో తినే చిన్న పళ్ళెం, చెంచా. ఊరు కొత్తదైనా పళ్ళెం పాతదే ఉండాలి.
- చిన్న సీసాలో నెయ్యి. కారం తగ్గించడానికి, వాసన మార్చడానికి రెండింటికీ పనికొస్తుంది.
- కందిపొడి లేదా పప్పులపొడి ఒక పొట్లం. ఆపద్ధర్మానికే. మొదటి రోజే బయటికి తీయకండి.
- ఓఆర్ఎస్ పొట్లాలు. లీటరు నీళ్ళదా, 200 మిల్లీలీటర్లదా అన్నది పొట్లం మీద చూసి కొనండి.
- మూత గట్టి డబ్బా ఒకటి, వేడి నీళ్ళ ఫ్లాస్కు ఒకటి.

సర్దకూడనివి: పెద్ద చిప్స్ ప్యాకెట్లు, క్రీమ్ బిస్కెట్లు, పెట్టెలకొద్దీ కేకులు. అవి చేతికందేంత దూరంలో ఉన్నంతసేపు ఏ వంటా గెలవదు.

## 3. రైల్లో, బస్సులో

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టేసరికి పిల్లాడి కడుపు ఖాళీగానూ ఉండకూడదు, చిరుతిండితో నిండిపోయీ ఉండకూడదు. తిండికి రెండు గంటల ముందు నుంచి నీళ్ళు తప్ప ఏమీ వద్దు. బాగా ఆకలేస్తే కొత్త వంట కూడా తింటాడనుకుంటారు. పెద్దవాళ్ళ సంగతి అది. పిల్లలు ఆకలి మీద మరీ మొండికేస్తారు.

అరకు మీదుగా కోరాపుట్ వెళ్ళే కిరండూల్ రైలెక్కేవాళ్ళకు ఒక మాట. కొండల్లో మలుపులకు కొంతమంది పిల్లలకు వాంతి వస్తుంది. వాంతైన పూట పెట్టిన కొత్త వంటను వాడు జన్మలో ముట్టడు. దిగాక ఆ పూటకు పెరుగన్నమే పెట్టి పడుకోబెట్టండి. ప్రయోగాలు మర్నాడు.

## 4. చుట్టరికం కలపడం

అసలు కీలకం ఇదే. సరిహద్దు జిల్లాలకు వచ్చినవాళ్ళకున్న సౌకర్యం ఏమిటంటే, ఇక్కడి వంటల్లో సగం మన వంటలకు వేలు విడిచిన మేనమామలే. మొదటి మెట్టులో రాసుకున్న కాగితం తీయండి. వాడు తినేదాని పక్కన దాని చుట్టం పేరు రాయండి.

అట్టు తినే పిల్లలకు చకుళి. బియ్యం, మినప్పప్పు పిండితోనే పోస్తారు. మన దోసెలా కరకరలాడదు, మెత్తగా ఉంటుంది. కరకరలాడితేనే తినేవాడైతే సన్నగా పోసి ఎర్రగా కాల్చమని అడగండి. పక్కన ఘుగుని, అంటే బఠాణీ కూర పెడతారు. మొదటి రోజు ఆ కూర గిన్నె దూరంగానే ఉంచండి.

మరమరాలు తినేవాళ్ళకు ముఢీ. పేరు మారిందంతే. ముందు ఉత్త ముఢీ పెట్టి, తర్వాత కొబ్బరి ముక్కలు, కొంచెం బెల్లం చేర్చండి. ఆవనూనె, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి కలిపేది పెద్దవాళ్ళది. అయిదేళ్ళ లోపు పిల్లలకైతే అందులోంచి పల్లీ గింజలు ఏరేయండి, గొంతుకు అడ్డం పడతాయి.

చద్దన్నం, పెరుగన్నం తినేవాళ్ళకు పఖాళ. శ్రీకాకుళం వైపు తరవాణి తాగిన ఇళ్ళవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇందులో రకాలున్నాయి. రాత్రి నానబెట్టి పులిసింది బాసి పఖాళ, అప్పటికప్పుడు నీళ్ళు పోసింది సజ పఖాళ, పెరుగు కలిపింది దహి పఖాళ. పిల్లలకు దహి పఖాళతో మొదలెట్టండి. చూడ్డానికి పలచటి పెరుగన్నమే. ఏ నీళ్ళు పోశారన్నది మాత్రం అడిగి తెలుసుకోండి, అనుమానంగా ఉంటే మానేయండి.

వడియాలు తినేవాళ్ళకు బడీ. అవే మినప వడియాలు. వీటిని వేయించి వెల్లుల్లి, మిరపకాయతో నలిపితే బడీచూర. నలపకుండా, ఉత్తగా వేయించిన బడీ నాలుగు పళ్ళెంలో పెట్టించుకోండి. కరకరమనేది ఏదైనా పిల్లలకు సగం ఒప్పుదలే.

చోడి అంబలి తాగేవాళ్ళకు మాండియా. కోరాపుట్, రాయగడ వైపు రాగి జావ. గోరువెచ్చగా ఉన్నప్పుడు బెల్లం వేసి ఇవ్వండి. రాగి ఎప్పుడూ తాగని పిల్లాడికి ఆ రంగే బెదురు. వాడికి ముందు మాండియా పిండితో చేసిన తీపి ఏదైనా పెట్టండి.

కుడుములు తినేవాళ్ళకు మండా పిఠా, అరిసెలు తినేవాళ్ళకు అరిసా పిఠా. వీటికి వివరణ అక్కర్లేదు.

టమాటా సాస్ అద్దుకుని తినేవాళ్ళకు టమాటా ఖటా. బెల్లం, ఖర్జూరం వేసిన పుల్లటి తియ్యటి పచ్చడి. నా అనుభవంలో దీన్ని మించిన సాయం లేదు. డాల్మా తినని పిల్ల కూడా వేలు ఇందులో ముంచి నాకుతుంది. మొదటి రోజు నుంచీ ప్రతి పూటా ఒక గిన్నె తెప్పించండి.

ఇక ఛెనాపోడ. పాలవిరుగుడులో చక్కెర, కొంచెం రవ్వ కలిపి ఆకుల్లో చుట్టి కాలుస్తారు. "పోడ" అంటే మాడిందనే. కిందటేడు రంభలో మా అన్నయ్య మనవడు, ఆరేళ్ళవాడు, ముక్కను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "మాడిపోయింది కదా, వాళ్ళను తిట్టవా?" అని నన్నడిగాడు. నేనేమీ అనలేదు. గోటితో గోధుమరంగు పైపొర మొత్తం గీకి, ఆకు మీద ఒక పక్కన పోగు పెట్టి, లోపలి తెల్లది మాత్రం తిన్నాడు. గీకిన ఆ పోగు నేను తింటుంటే నా నోటివైపే చూశాడు. మర్నాడు కొట్టు దగ్గర నిలబడి "నాకు మాడు ముక్క" అన్నాడు. ముందురోజు నేను "అదే బావుంటుంది, తిను తిను" అని ఉంటే ఆ మాట వచ్చేది కాదు.

## 5. పళ్ళెం పెట్టే వరస

1. ముందు తెలిసిన పదార్థం పెట్టండి. అన్నం, పెరుగు, ఇడ్లీ ఏదైనా. బరంపురంలో పొద్దున్న ఇడ్లీ, ఉప్మా సులువుగా దొరుకుతాయి, భయం లేదు.
2. దానికి తగలకుండా పక్కన కొత్తది ఒక చెంచాడు. అంతకు మించి వద్దు. తెలిసినదాని మీద పోశారో, రెండూ పోతాయి.
3. ముంచుకోవడానికి ఖటా.
4. మీ పళ్ళెంలో కూడా అదే కొత్తది ఉండాలి. మీరు తినండి. వాడి వైపు చూడకండి.
5. ముట్టుకోకపోతే పళ్ళెం తీసేయండి. "పోన్లే" అన్న మాట కూడా అక్కర్లేదు.

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. ఈ రెండూ కలిపేసుకున్న ఇళ్ళలోనే పళ్ళెం దగ్గర ఏడుపులు.

ఖటా కాకుండా రోజుకు ఒకే కొత్త వంట. అది కూడా పొద్దున్న పది, పదకొండు మధ్య చిరుతిండి వేళకు. సముద్రంలో ఆడి అలిసిపోయిన రాత్రి భోజనానికి కొత్తవి పెట్టొద్దు.

## 6. హోటల్లో ఏమని చెప్పాలి

ఈ జిల్లాల్లో చాలాచోట్ల తెలుగు అర్థమవుతుంది, అయినా రెండు ఒడియా ముక్కలు వస్తే వంటావిడ ముఖం మారిపోతుంది. పిల్లల్ని వాళ్ళు "పిలా" అంటారు, మన మాటే అనిపిస్తుంది.

- "పిలా ఖాయిబ, లంకా టికే కమ్": పిల్లాడు తింటాడు, మిరప కాస్త తక్కువ. లంకా అంటే మిరపకాయ.
- "కంటా" అంటే ముల్లు. చేప చెప్పేముందు ఈ మాట వాడి అడగండి.
- "గరమ్ పాణి": వేడి నీళ్ళు.
- "దహి", "భాత", "డాలి": పెరుగు, అన్నం, పప్పు. ఈ మూడూ ఉంటే ఏ ఊళ్ళోనైనా బతకొచ్చు.

కుదిరితే ఈ మాటలు పిల్లాడి చేతే చెప్పించండి. తను అడిగి తెప్పించుకున్న తిండిని కాదనడానికి వాడికే మొహమాటం. అంతకన్నా నయం, సంత రోజు దొరికితే కూరల దగ్గరకి తీసుకెళ్ళి ఒక గుమ్మడి ముక్కో బొప్పాయో వాడి చేత ఏరించండి.

చప్పగా ఉండే కూర కావాలంటే సంతుళా అడగండి. కూరగాయల్ని తక్కువ మసాలాతో ఉడికించింది. పెద్దవాళ్ళకు రోగి కూడులా అనిపిస్తుందేమో గానీ పిల్లలకు సరిపోతుంది.

## 7. ఆవనూనె అడ్డం

తెలుగు పిల్లలు ఒడిశా వంట ముందు ముక్కు మూసుకున్నారంటే పదిలో ఏడుసార్లు కారణం ఆవనూనె అని నా అంచనా. పొగలొచ్చేదాకా కాచి చేసిన కూరలో ఆ ఘాటు చాలావరకు పోతుంది. పచ్చిగా కలిపిన ఆలూ భర్తాలో ముక్కుకు కొడుతుంది. కాబట్టి భర్తా చెప్పేటప్పుడు నూనె వెయ్యొద్దనండి, మీ సీసాలో నెయ్యి మీరు కలపండి. మూడో రోజుకు కాచిన నూనెతో చేసిన చేప వేపుడు ముక్క పెట్టి చూడండి.

ఆవపిండి చేపల పులుసు, అంటే బెసర, ఆఖరి మెట్టు. మా పెద్దవాడికి నాలుగేళ్ళప్పుడు నేనే "ఒక్క ముద్ద, నా బంగారం కదూ" అని బలవంతాన కుక్కాను. ఆటోలో మొత్తం కక్కాడు. తర్వాత రెండేళ్ళు ఇంట్లో ఆవపోపు వాసనకే పారిపోయేవాడు. ఒక్క ముద్దకు అంత ఖరీదు.

## 8. తరచూ చేసే తప్పులు, వెంటనే దిద్దుకోవడం

లంచం. "ఇది తింటే ఐస్‌క్రీమ్" అంటే, ఇది తినదగ్గది కాదని మీరే ఒప్పుకున్నట్టు. ఇప్పటికే అనేశారా? ఆ పూట ఐస్‌క్రీమ్ ఇచ్చేయండి, మాట తప్పకండి. మర్నాటి నుంచి తీపిని తిండికి ముడిపెట్టకండి.

అందరూ ఒక్కసారి చూడటం. అమ్మమ్మ, బాబాయి, అత్త, అందరూ చెంచా వైపే. ముందు రోజు రాత్రే పెద్దవాళ్ళకు చెప్పి పెట్టుకోండి. వినని అమ్మమ్మను పిల్లాడి ఎదురుగా కాకుండా పక్కన కూర్చోబెట్టండి.

పోలిక. "చూడు, చెల్లి ఎంత బాగా తింటోందో." ఆ మాటతో చెల్లి మీద కోపం ఆ వంట మీదికి పోతుంది.

దాచి పెట్టడం. అన్నం ముద్దలో డాల్మా కలిపి మోసం చేస్తే ఒకపూట గడుస్తుంది. పట్టుబడ్డాక పెరుగన్నం కూడా అనుమానమే. పట్టుబడితే సాకులొద్దు, కలిపానని ఒప్పుకుని కొత్త పళ్ళెం ఇవ్వండి.

కథ చెప్పడం. పెద్దవాళ్ళు "ఎర్ర చీమల పచ్చడి కూడా తింటారట ఇక్కడ" అని పిల్లల ముందు నవ్వుతారు. ఆ రోజుకు అన్ని పచ్చళ్ళలోనూ చీమలే కనబడతాయి వాళ్ళకు. నవ్వుకోవడం పిల్లలు పడుకున్నాక.

## 9. ఒళ్ళు జాగ్రత్త

మే నెల ఎండలో వండి పెట్టిన తిండి గంటకు మించి బయట ఉండకూడదు. పొద్దున్న వండి మధ్యాహ్నం దాకా గాజు అల్మారాలో ఉన్న వడలు, పాల మిఠాయిలు పిల్లలకు వద్దు. మీ కళ్ళెదుట నూనెలోంచి తీసిందే కొనండి. ఛెనాపోడ తెచ్చిన రోజే అవగొట్టండి.

చిల్కాకు వచ్చి రొయ్య, పీత తినకపోతే ఎలా అనుకుంటారు. ఇంతకుముందు ఎప్పుడూ తినని పిల్లలకు మొదటిసారి పడవ మీదో, ఆసుపత్రికి దూరంగా ఉన్న చోటో పెట్టకండి. పగటిపూట, ఊళ్ళో ఉన్నప్పుడు, చిన్న ముక్క పెట్టి చూడండి. దద్దుర్లు లేచినా, పెదాలు వాచినా మళ్ళీ పెట్టకుండా డాక్టరుకు చూపించండి. ఊపిరి ఆడకపోయినా, గొంతు పట్టేసినా ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

చేప ముల్లు మీ వేళ్ళతో తీసి, ముక్కను చిదిపి చూసి పెట్టండి. ఇలిశి (మన పులస) లాంటి సన్నముళ్ళ చేప చిన్నపిల్లలకు వద్దే వద్దు. ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగించడం మన ఇళ్ళలో అలవాటు, ఆ పని చెయ్యకండి, ఇంకా లోపలికి దిగొచ్చు. డాక్టరుకే చూపించండి.

విరేచనాలైతే పొట్లం మీద రాసినన్ని నీళ్ళలోనే ఓఆర్ఎస్ కలపండి, సగం పొట్లం సగం గ్లాసు లెక్కలొద్దు. మలంలో రక్తం పడినా, పిల్లాడు మూత్రం పోయక చాలాసేపైనా, మగతగా ఉన్నా అక్కడే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఊరికి వెళ్ళాక చూద్దామనుకోవద్దు.

ఇంకొకటి. తినేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మాత్రమే ఉండి, బరువు పెరగకుండా, ముద్ద నోట్లో పెట్టగానే వాంతి చేసుకునే పిల్లల సంగతి వేరు. అది పేచీ కాదు. సెలవుల్లో ఏ ప్రయత్నమూ చెయ్యకుండా, వచ్చాక పిల్లల డాక్టరుకు చూపించండి.

## 10. నాలుగు రోజుల నమూనా

- మొదటి రోజు: టిఫిన్ ఇడ్లీ. పదకొండింటికి ఉత్త ముఢీ, కొబ్బరి. భోజనంలో అన్నం, పెరుగు, పక్కన ఖటా.
- రెండో రోజు: పొద్దున్న చకుళి. సాయంత్రం గోపాల్‌పూర్‌లో ఆట. రాత్రి పెరుగన్నమే.
- మూడో రోజు: పదకొండింటికి ఛెనాపోడ. మధ్యాహ్నం ఇంట్లో రుచి చూసిన డాల్మానే హోటల్లో, ఒక చెంచాడు.
- నాలుగో రోజు: ఇప్పటిదాకా నచ్చినదాన్ని మళ్ళీ వాడినే అడగనివ్వండి. కొత్తదేదీ పెట్టకండి.

నాలుగు రోజుల్లో ఒక్క ఖటా మాత్రమే నచ్చిందా? చాలు.

## 11. ఇంటికెళ్ళాక

బడీలు అరకిలో, మాండియా పిండి ఒక పొట్లం కొనుక్కెళ్ళండి, రెండూ దారిలో పాడవవు. వచ్చిన వారంలోనే ఒక ఆదివారం డాల్మా చేసి, పక్కన ఖటా పెట్టండి. పాత పళ్ళెంలోనే, అదే ఒక చెంచాడు. "గుర్తుందా, బరంపురంలో తిన్నావు కదా" అని మొదలెట్టకండి. వాడే అంటాడు, లేకపోతే ఆ మరుసటి ఆదివారం అంటాడు.